ఆంటీకి అమ్మని వైన్ సీసా

ఆ రోజుల్లో మొహం చూసి మనిషి వయసు చెప్పడమంటే నాకు గుండెల్లో దడ. మా ఊళ్లో ఈ బాధే లేదు. ఎదురుగా వచ్చినాయన్ని అన్నా అంటే అన్న, చిన్నాయనా అంటే చిన్నాయన, తాతా అంటే తాత. వరస కలిపేస్తే వయసు దానంతటదే తేలిపోతుంది. ఎక్కడైనా తేడా కొడితే ఆయనే సరిచేస్తాడు: "తాతంటవేందే, నాకింకా పెండ్లే కాలే!" అని. చదువుకోడానికి సముద్రాలు దాటి హాలిఫాక్స్ వచ్చాక ఆ సుఖం పోయింది. ఇక్కడ అందరూ పేర్లతోనే పిలుచుకుంటారు, డెబ్భై ఏళ్లావిడ నిక్కరేసుకుని పరిగెత్తుతుంది, పద్దెనిమిదేళ్లవాడికి గుండె దాకా గడ్డం ఉంటుంది. అలాంటి ఊళ్లో, మొహం చూసి వయసు చెప్పడమే పనిగా ఉన్న ఉద్యోగం నాకు దొరికింది. దొరికిందంటే, కాలేజీ కోర్సు అయిపోయి వర్క్ పర్మిట్ చేతికొచ్చి, అప్లై చేసిన ప్రతిచోటా "మళ్లీ చెప్తాం" అన్నాక, మళ్లీ చెప్పింది వీళ్లొక్కరే.

అది ప్రభుత్వం నడిపే మందు దుకాణం. ఇక్కడ బ్రాందీ, విస్కీ ఎవరు పడితే వాళ్లు దుకాణం పెట్టి అమ్మేది కాదు, సర్కారే అమ్ముతుంది. మన దగ్గర మందు షాపంటే ఇనప జాలీ, జాలీలో చెయ్యి పట్టేంత కంత, ఆ కంతలో ఒకేసారి పది చేతులు కదా! (ఆంధ్రాలో కూడా కొన్నాళ్లు సర్కారే షాపులు నడిపింది. మా దూరపు బంధువు ఒకాయన అందులో సేల్స్‌మన్. ఎండలో లైను కట్టినవాళ్ల తిట్లు వినీ వినీ పెళ్లయ్యాక భార్య ఏమన్నా ఆయనకి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదట.) ఇక్కడ మాత్రం నేలంతా తళతళ, సన్నగా పాటలు, తోపుడు బండ్లు, ఏ వైనుతో ఏ చేప బాగుంటుందో చెప్పే చిన్న చిన్న అట్టలు. ఇక వెనకాల అద్దాల గది ఒకటుంది. అందులో గంజాయి. అవును, మీరు సరిగ్గానే చదివారు. అదీ సర్కారే, బిల్లు ఇచ్చి మరీ. ట్రైనింగులో మొదటిసారి ఆ గదిలోకి వెళ్లినప్పుడు నేను తెలియకుండానే చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని వెనక్కి చూశాను, ఎవరైనా పట్టుకుంటారేమోనని. ఆ సాయంత్రమే అమ్మకి ఫోన్ చేశాను.

"సర్కారోళ్లే గంజాయి అమ్ముతరా? పోలీసులొస్తే ఎట్లనే బిడ్డా?"

"వస్తే బిల్లిచ్చి థాంక్యూ చెప్తనమ్మా."

అమ్మ పోలీసుల సంగతి పక్కన పెట్టేసింది. తర్వాత మెల్లగా అడిగింది. "సరే గానీ, కల్లు పెడ్తరా?" మాది జగిత్యాల వైపు. దసరా నాడు మా అమ్మమ్మ కూడా చెంబెడు కల్లు తాగి కోడళ్లందరినీ దీవిస్తుంది. అందుకని మా ఇంట్లో మందు దుకాణంలో పనంటే ఎవరూ ఉలిక్కిపడలేదు. పైగా సర్కారు ఉద్యోగం! కల్లు లేదని చెప్తే మాత్రం అమ్మకి ఈ దేశం మీద కొంచెం చిన్నచూపు ఏర్పడింది.

మా మేనేజరు ఇంతకుముందు నేవీలో చేసిన మనిషి. అందరూ కెప్టెన్ అనేవాళ్లు, నేను మనసులో కెప్టెనమ్మ అనుకునేదాన్ని. తెల్లజుట్టు బెత్తెడు కూడా ఉండదు, నడుస్తుంటే నేల ఓడలా ఊగుతుందేమో అనిపించేది. ఆవిడ మొదటి రోజే చెప్పిన సూత్రం ఇది. పంతొమ్మిది నిండనివాళ్లకి ఏదీ అమ్మకూడదు. ముప్పై లోపు కనిపించిన ప్రతి ఒక్కరినీ ఐడీ అడగాలి. ఒకసారి అడిగావా, ఇక కార్డు కంటితో చూడాల్సిందే, చూడకుండా అమ్మావంటే పని పోయినట్టే. "నీ ట్రయల్ పీరియడ్ అయ్యేలోపు హెడ్ ఆఫీసు నుంచి ఒక మనిషి మామూలు కస్టమర్‌లా వస్తుంది. నువ్వు ఎలా చేస్తున్నావో చూస్తుంది. ఎప్పుడొస్తుందో నాకూ తెలియదు. అందులో తప్పితే నేనేం చెయ్యలేను" అంది. నాకింకేం కావాలి! ఈ పని ఉంటే ఈ ఊళ్లో ఉంటాను. పోతే మంచు మొదలయ్యే వేళకి సామాను కట్టుకుని ఇంకో ఊళ్లో ఇంకెవరింట్లోనో పడుకోవాలి. అందుకే నేను ఒక తేలిక దారి కనిపెట్టాను. వయసు కట్టడం రాకపోతే అందరినీ అడిగెయ్యడమే. చేతికర్రతో వచ్చిన ఒక ముసలాయన్ని అడిగితే, ఆయన కార్డు తీసి ఇచ్చి, నా చెయ్యి పట్టుకుని, "మా ఆవిడ బతికుంటే నీకు కేకు చేసి పంపేది తల్లీ" అన్నాడు. ఆ రోజు నాకర్థం కాలేదు, నేను ఎంత ప్రమాదకరమైన వరాలు పంచుతున్నానో.

నేనుండేది ఒక తెలుగువాళ్లింటి బేస్‌మెంట్‌లో. రాజమండ్రి వాళ్లు. అంకుల్ కంప్యూటర్ ఉద్యోగం, అమెరికాలో కొన్నాళ్లు చేసి ఇక్కడికొచ్చారు. వాళ్లమ్మాయి లండన్‌లో, అంటే ఒంటారియోలో ఉన్న లండన్‌లో చదువుకుంటోంది. ఆంటీ మంచిదే, కాకపోతే నిప్పు. ఉల్లిపాయ వాడని రోజులు ఆవిడకి ఏడాదిలో సగం ఉండేవి. నా ఉద్యోగం సంగతి చెప్పినప్పుడు ఆవిడ రెండు చెవులూ మూసుకుని, మళ్లీ ఒక చెవి తెరిచి అడిగింది.

"గవర్నమెంటుదేనా?"

"గవర్నమెంటుదే ఆంటీ."

"అయితే సరే. ఆ వాసన మాత్రం మెట్లెక్కి పైకి రాకూడదు. మా ఆయన అసలే ఆ గాలికి కూడా ఆగలేరు."

ఆ గాలికి ఆగలేని అంకుల్ ఒక శుక్రవారం మధ్యాహ్నం విస్కీ సీసాతో సరాసరి నా కౌంటర్ ముందు తేలారు. తల వంచుకుని వచ్చారు కాబట్టి నన్ను చూడలేదు. చూశాక ఆయన మొహం రంగు మారిపోయింది. నా వెనకే కెప్టెనమ్మ నిలబడి ఉంది. ఇప్పుడు నేను "అంకుల్" అంటే ఆయన పరువు పోతుంది, నమస్తే పెడితే ఇంకా పోతుంది. పెద్దాయన్ని ఇబ్బంది పెట్టకూడదు కదా అని, అసలు ఆయన్ని జన్మలో చూడనట్టు మొహం పెట్టి, అందరినీ అడిగినట్టే ఇంగ్లీషులో, "సార్, మీ ఐడీ ఒకసారి చూడొచ్చా?" అన్నాను.

అంకుల్ అటూ ఇటూ చూశారు. "నన్నా?" అన్నారు. వెనక ఎవరో కుర్రాడుంటే వాణ్ణి అడిగానేమో అని వెనక్కి కూడా తిరిగి చూశారు. తర్వాత మెల్లగా ఆయన వెన్ను నిటారైంది. అంతకుముందు ఆదివారమే తలకి రంగు వేసుకున్నారు, నుదుటి మీద ఇంకా కొంచెం మిగిలే ఉంది. జేబులోంచి లైసెన్సు తీసి, పెళ్లిచూపుల్లో జాతకం ఇచ్చినంత జాగ్రత్తగా నా చేతిలో పెట్టారు. వెళ్తూ వెళ్తూ తలుపు అద్దంలో తనని తాను చూసుకుని జుట్టు సవరించుకున్నారు.

ఆ తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించుకోగలరు. అంకుల్ ఈ ముచ్చట కడుపులో దాచుకోలేక స్నేహితులకి చెప్పారు. ఆ మరుసటి శుక్రవారం నా కౌంటర్ దగ్గర తెలుగు అంకుల్స్ లైను! ఒకాయన కొడుకు టోపీ పెట్టుకొచ్చారు. ఒకాయన పొట్ట లోపలికి పీల్చి నిలబడి, నేను కార్డు తిరిగిచ్చేదాకా ఊపిరి వదల్లేదు. పక్క కౌంటర్ ఖాళీగా ఉంటే అక్కడి అమ్మాయి చెయ్యి ఊపి పిలుస్తోంది, ఒక్కరూ కదలరే! నాకు వీళ్లని అడక్కపోతే పాపమనిపించేది. అడగ్గానే ఆ మొహాల్లో వెలుగు చూడాలి మీరు. కెప్టెనమ్మ ఇదంతా చూసి, "మీవాళ్లు చట్టానికి చాలా గౌరవమిస్తారే! అడక్కముందే కార్డు తీసి పట్టుకుంటున్నారు" అని మెచ్చుకుంది. నేను వినయంగా తల ఊపాను.

అంతా బాగానే నడిచేది, అంకుల్‌కి నోరు లేకుండా ఉంటే. ఒక ఆదివారం ఆంటీ నన్ను భోజనానికి పైకి పిలిచింది. పనసపొట్టు కూర (డబ్బాలో వచ్చేదే, అయినా ఆవిడ చేతిలో పడితే డబ్బా సంగతి మర్చిపోతాం), పప్పుచారు, వడియాలు. ఆంటీ వడ్డిస్తూ వడ్డిస్తూ అంకుల్ తల వైపు చూసి అంది.

"ఆ రంగు ఎందుకండీ ఇంకా? చూసేవాళ్లకి తెలియదా ఏంటి, అల్లుడొచ్చే వయసని?"

"నీకేం తెలుసు," అంకుల్ రోషంగా ముద్ద పక్కన పెట్టేశారు. "నన్ను ఇప్పటికీ ఐడీ అడుగుతున్నారు, తెలుసా! ప్రతిసారీ!"

"ఎక్కడ?"

అంకుల్ నా వైపు చూశారు. నేను ఆవకాయ వైపు చూశాను. ఆవకాయ ఎవరి వైపూ చూడలేదు.

"లైబ్రరీలో" అన్నారు అంకుల్.

"లైబ్రరీలో వయసెందుకండీ?"

"ఇప్పుడు కొత్త రూల్ పెట్టారు లేవోయ్."

ఆంటీ గరిటె గిన్నెలో పెట్టింది. నన్ను చూసింది, అంకుల్‌ని చూసింది, మళ్లీ నన్ను చూసింది. "వడియం వేసుకోమ్మాయ్" అంది. అంతే. తిట్లు లేవు, అరుపులు లేవు. ఇక ఆ వారమంతా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. అంకుల్ బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని, "అది అరిస్తే బావుండునమ్మా" అని నాతో అనేవారు. నాకేమో రెండు భయాలు. పైన ఆంటీ ఎప్పుడు ఖాళీ చెయ్యమంటుందోనని, షాపులో ఆ హెడ్ ఆఫీసు మనిషి ఎప్పుడొస్తుందోనని. నా ట్రయల్ ఆ వారంతో ముగుస్తుంది.

శనివారం మధ్యాహ్నం షాపు కిటకిటలాడుతోంది. నా లైనులో హుడీ వేసుకున్న ఒక పిల్ల, చేతిలో ఒకే ఒక్క సైడర్ క్యాను (ఆపిల్ పళ్లతో చేసే మందు). మొహం చూస్తే స్కూల్ బస్సు దిగి వచ్చినట్టుంది. ఈమెను అడిగి తీరాలని నోట్లో మాటలు సిద్ధం చేసుకుంటున్నాను. ఆ పిల్లకి ముందున్న మనిషి నల్లకళ్లద్దాలు, జీన్సు, లేత గులాబీ రంగు జాకెట్టు, భుజాన ఇంత బుల్లి సంచీ. కళ్లద్దాలు తీసింది. ఆంటీ!

ఆ జాకెట్టు వాళ్లమ్మాయిది. చేతులు బిగుతుగా పట్టేసి బొమ్మలా నిలబడింది. బొట్టు మాత్రం ఎప్పట్లాగే రూపాయంత. కౌంటర్ మీద వైన్ సీసా పెట్టింది, రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు. గబగబా స్కాన్ చేసి, "నమస్తే ఆంటీ, కార్డా, క్యాషా?" అన్నాను.

"ఏదో మర్చిపోయావమ్మాయ్."

"సంచి కావాల్నా ఆంటీ?"

"సంచీ కాదు."

"పాయింట్ల కార్డు ఉందా?"

"కార్డే. ఆ కార్డు కాదు." ఆవిడ మెడ కొంచెం ఎత్తి, మొహం లైటు వైపు తిప్పి నిలబడింది. అప్పుడు వెలిగింది నాకు.

"అయ్యో ఆంటీ, మీరు పెద్దోళ్లు, మిమ్మల్ని ఎట్ల అడుగుత?" అని గుసగుసలాడాను.

"నేను పెద్దదాన్నా? ఆయన చిన్నోడా? ఆయన నాకంటే ఆరేళ్లు పెద్ద! అంత మనిషిని వారం వారం అడుగుతావే, నేను నీ కంటికి ముసల్దాన్లా కనిపించానా? పొద్దున్నే నా చేతి కాఫీ తాగేటప్పుడు చెప్పాల్సింది ఆ ముక్క!"

లైనులో జనం కదులుతున్నారు. దూరం నుంచి కెప్టెనమ్మ మెడ చాచి చూస్తోంది. ఇక లాభం లేదని గొంతు సవరించుకుని, అందరికీ వినిపించేలా ఇంగ్లీషులో, "మేడమ్, దయచేసి మీ ఐడీ చూపిస్తారా?" అన్నాను. ఆంటీ మొహం చూడాలి! కార్తీకదీపం కూడా అంత నిండుగా వెలగదు. "ష్యూర్, వై నాట్" అంటూ బుల్లి సంచీ తెరిచింది. అందులోంచి కుంకుమ పొట్లం వచ్చింది, యాలకులు వచ్చాయి, దగ్గు బిళ్లలు వచ్చాయి, గుళ్లో ఇచ్చిన అక్షింతలు కాగితంలో చుట్టినవి వచ్చాయి. కార్డు రాలేదు. పర్సు ఇంట్లో పెద్ద సంచీలో ఉండిపోయింది.

"పోనీలే," అంది ఆంటీ సంతోషంగా అన్నీ లోపల సర్దుకుంటూ. "అడిగావు, అదే చాలు. ఫోన్‌తో కట్టేస్తా, ఇలా ఇచ్చెయ్."

చెప్పాగా సూత్రం. అడగనంతవరకు ఒక లెక్క, అడిగాక ఇంకో లెక్క. నేను సీసాని రెండు చేతులతో నా వైపు లాక్కున్నాను. "ఇవ్వరాదు ఆంటీ. అడిగినంక చూడకుంట ఇస్తే నా కొలువు పోతది."

"నన్నా? నా వయసు నీకు తెలియదుటే?"

"నాకు తెలుసు ఆంటీ. నా కౌంటర్‌కి తెల్వదు."

ఇటు చూస్తే కొలువు, అటు చూస్తే నెత్తి మీద ఇల్లు. ఆంటీ కాసేపు నన్ను చూసి, గబుక్కున వెనక్కి తిరిగి హుడీ పిల్లతో తన ఇంగ్లీషులో, "అమ్మా, ఈ సీసా నా కోసం నువ్వు కొంటావా? డబ్బు నీకు పంపిస్తా" అంది. ఆ పిల్ల చాలా తీయగా నవ్వి, "దానికేం, నా దాంతో కలిపి కొట్టెయ్" అని నాతో అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒకరికి కాదన్న సరుకు వాళ్ల కోసం ఇంకొకరికి అమ్మడం ఇంకా పెద్ద తప్పు. "సారీ, అదీ కుదరదు. ముందు మీ ఐడీ చూపించండి. మీ క్యాను మీకు అమ్ముతాను. ఈ సీసా మాత్రం ఇవాళ ఎవరికీ లేదు" అనేసి, సీసాని తీసి నా కాళ్ల దగ్గర పెట్టుకున్నాను, చంటిపిల్లని దాచుకున్నట్టు.

ఇంతలో కెప్టెనమ్మ వచ్చేసింది. విషయం విని, ఆంటీని ఎగాదిగా చూసి, మర్యాదగా అంది. "మేడమ్, కార్డు లేకపోతే మా అమ్మాయి చేసింది సరైనదే. కానీ ఇదేదో పొరపాటున అడిగినట్టుంది. మీ వయసెంతో ఒక్కమాట చెప్పండి, మేనేజరుగా నా పూచీ మీద నేనే ఇస్తాను."

నా ప్రాణం లేచొచ్చింది. చెప్పెయ్ ఆంటీ, ఒక్క ముక్క చెప్పెయ్, నీ వైను నీకొస్తుంది, నా ఇల్లు నాకుంటుంది! ఆంటీ కెప్టెనమ్మని చూసింది. లైనులో ఉన్న జనాన్ని చూసింది. కూతురి జాకెట్టు కిందకి లాక్కుంది. నల్లకళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. "రూల్ ఈజ్ రూల్" అని, తల ఎత్తుకుని, ఖాళీ చేతులతో బయటికి నడిచి వెళ్లిపోయింది.

హుడీ పిల్ల కార్డు చూపించి క్యాను కొనుక్కుని, కెప్టెనమ్మతో ఆఫీసు గదిలోకి వెళ్లింది. అప్పటికి గానీ నా బుర్రకి తట్టలేదు, హెడ్ ఆఫీసు మనిషి ఆ పిల్లేనని. కాసేపటికి కెప్టెనమ్మ వచ్చి నా భుజం మీద ఒక్క చరుపు చరిచింది, నేను ముందుకి తూలిపోయాను. "ఇద్దరికీ కాదన్నావట. అంత గదమాయిస్తున్నా కాదన్నావట. వచ్చే వారం నుంచి నువ్వు మాతోనే" అంది. "ఆ గులాబీ జాకెట్టావిడ ఎవరో తెలుసా నీకు?" అని అడిగింది. "మా ఇంటి ఓనరమ్మ" అన్నాను. ఆవిడ నవ్విన నవ్వుకి రమ్ము అలమారు గలగలలాడింది.

ఉద్యోగం నిలబడింది, ఇక ఇల్లు పోతుంది అనుకుంటూ సాయంత్రం చప్పుడు కాకుండా పక్క తలుపు తీశాను. పైనుంచి ఆంటీ గొంతు, ఫోన్‌లో, లండన్‌లో ఉన్న కూతురితో కాబోలు. "మీ నాన్నని అడిగారంతేనే. నాకైతే అసలు ఇవ్వనే లేదు! ఎంత బతిమాలినా ఇవ్వలేదు! పెద్ద మేనేజరొచ్చి చూసినా ఇవ్వలేదు! అవునే, నీ గులాబీ జాకెట్టే... ఇంక అది నీకు పంపను, నాకు బావుంది." నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను. కాసేపటికి ఆంటీ గిన్నెడు పులిహోర పట్టుకుని కిందకి దిగింది. "తిను. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో" అంది. వెనకే అంకుల్ వచ్చారు, మ్యాచ్ ఓడిపోయిన కెప్టెన్‌లా. ఆంటీ ఆయన వైపు తిరక్కుండానే అంది. "ఆ లైబ్రరీ పుస్తకాలేవో కారు డిక్కీలో దాచుకోవడం ఎందుకు, పైన అలమారులో పెట్టుకోండి. నెలకొకటి. అంతకంటే ఎక్కువ చదివితే కళ్లు పోతాయి."

తర్వాత నేను ఆ షాపులో చాలా కాలం చేశాను. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకి కౌంటర్ పని నేర్పేది నేనే. మొహం చూసి వయసు చెప్పడం ఇప్పటికీ పూర్తిగా రాలేదు కానీ, ఎవరిని అడిగితే పండగ చేసుకుంటారో దూరం నుంచే తెలిసిపోతుంది. అప్పుడప్పుడు పని లేని వేళ ఆనాటి నన్ను తలుచుకుంటాను, సీసాని కాళ్ల దగ్గర దాచుకుని, కళ్లనీళ్లతో ఊరందరికీ కాదు కాదు అని చెప్తున్న పిల్లని. ఇప్పుడు గనక తను నా లైనులోకి వస్తే కచ్చితంగా ఐడీ అడుగుతాను. అంత భయపడే పిల్లకి పంతొమ్మిది నిండాయంటే ఎవరు నమ్ముతారు!